అడ్డొచ్చిందెవరు?

సాఫ్ట్‌బాల్‌లో బేసుకీ బేసుకీ మధ్య దూరం 60 అడుగులు. ఆ కాస్త దారిలోనే రన్నర్ పరిగెత్తాలి, ఆ దారిలోకే వచ్చే బంతిని ఫీల్డర్ అందుకోవాలి. ఇద్దరూ గుద్దుకుంటే తప్పెవరిది? ఈ ప్రశ్నకి ఆ ఆట రాసుకున్న జవాబు చదివితే, రూలు రాయడం కూడా పనితనమేనని ఒప్పుకోక తప్పదు.

బ్యాటుతో కొట్టిన బంతి కోసం ఫీల్డర్ వెళ్తుంటే దారి ఫీల్డర్‌దే. రన్నర్ పక్కకి తప్పుకోవాలి. కావాలని అడ్డొచ్చాడా, పొరపాటున తగిలాడా అన్న మాటే ఉండదు. రన్నర్ అవుట్. అదే ఒక ఫీల్డర్ ఇంకొకరికి విసిరిన బంతి రన్నర్‌కి తగిలితే మాత్రం ఉద్దేశం చూడాలి. కావాలని తగిలించుకుంటేనే తప్పు. ఈ తేడా ఎందుకో నాకు తోచింది చెబుతాను. కొట్టిన బంతి చాలాసార్లు రన్నర్ కళ్ళముందే కదులుతుంది. విసిరిన బంతి వీపు వెనకనుంచి కూడా రావచ్చు. కనపడనిదానికి శిక్ష వేయడం న్యాయం కాదు కదా!

అయితే బంట్ ఆడి, అంటే బంతిని మెల్లగా తట్టి దగ్గర్లోనే పడేసి, మొదటి బేసుకి పరిగెత్తేవాడికి విసిరిన బంతి వెనకనుంచే వస్తుంది. వాడు అమాయకంగా అడ్డంగా పరిగెత్తితే ఎలా? దీనికి మాటలతో కాకుండా సున్నంతో జవాబు చెప్పారు. దారిలో చివరి సగం, అంటే 30 అడుగుల మేర, మూడడుగుల వెడల్పున ఒక సందు గీశారు. దాన్ని దాటి పరిగెత్తి, బేసు దగ్గర బంతి పట్టేవాడికి అడ్డమైతే అవుట్. మనసులో ఏముందో అడగక్కర్లేదు, కాళ్ళెక్కడున్నాయో చూస్తే చాలు. కొట్టిన బంతిని అందుకుంటున్న ఫీల్డర్‌ని తప్పించుకోవడానికి గీత దాటితే మాత్రం మాఫీ. మొదటి బేసునే రెండుగా చేసి, తెల్లది ఫీల్డర్‌కీ దాని పక్కన నారింజ రంగుది రన్నర్‌కీ ఇవ్వడం కూడా ఇలాంటి ఆలోచనే.

నాకు అన్నిటికన్నా నచ్చింది అంపైర్ చెయ్యి. రన్నర్ అడ్డొస్తే అంపైర్ అప్పటికప్పుడే ఆట ఆపేస్తాడు, ‘డెడ్ బాల్’ అని అరుస్తాడు. ఎవరూ అప్పీల్ చేయనక్కర్లేదు. కొట్టిన బంతి కోసం వెళ్ళకుండా, చేతిలో బంతి కూడా లేకుండా ఫీల్డర్ రన్నర్ దారికి అడ్డు నిలిస్తే మాత్రం అరవడు. ఎడమచెయ్యి పక్కకి చాచి ఊరుకుంటాడు. ఆట సాగుతూనే ఉంటుంది. అంతా అయ్యాక, ఆ అడ్డే లేకపోతే ఈ రన్నర్ ఎంతవరకు వెళ్ళేవాడో లెక్క కట్టి ఆ బేసు ఇస్తాడు. అప్పుడే ఆపేస్తే దెబ్బ తిన్న జట్టే మళ్ళీ నష్టపోతుంది. ఆ చాచిన చెయ్యి వెనక ఎంత లెక్క ఉందో చూడండి: ఇటు బంతినీ అటు రన్నర్‌నీ కనిపెడుతూనే, జరగని పరుగొకటి మనసులో పరిగెత్తించుకోవాలి.

దుబాయ్‌లో సాఫ్ట్‌బాల్, బేస్‌బాల్ లాంటి ఆటల కుటుంబం కొత్తగా ఊపందుకుంటోంది. 2023 నవంబరులో అక్కడి క్రికెట్ స్టేడియంలోనే బేస్‌బాల్ యునైటెడ్ అనే లీగ్ వాళ్ళు బేస్‌బాల్ ఆడించారు. కానీ ఎమిరేట్స్‌లో మనవాళ్ళకి సెలవురోజు అంటే క్రికెట్టే. ఆ క్రికెట్‌కీ ఇదే తలనొప్పి ఉంది. 2019 డిసెంబరులో షార్జాలో యూఏఈతో జరిగిన వన్డేలో అమెరికా బ్యాటర్ జేవియర్ మార్షల్ ‘ఫీల్డింగ్‌కి అడ్డు’ కింద అవుటయ్యాడు. అదే ఏడాది మే 8న విశాఖలో ఐపీఎల్ ఎలిమినేటర్ చివరి ఓవర్లో ఢిల్లీ ఆటగాడు అమిత్ మిశ్రా కూడా అంతే. బౌలర్ ఖలీల్ అహ్మద్ వికెట్ల మీదకి విసరబోతుంటే అడ్డంగా పరిగెత్తాడని థర్డ్ అంపైర్ తేల్చాడు. మన సన్‌రైజర్స్‌కి ఆ వికెట్ దక్కినా మ్యాచ్ దక్కలేదు, అది వేరే బాధ.

క్రికెట్ చట్టం ‘ఉద్దేశపూర్వకంగా’ అనే మాట పట్టుకునే ఉంది. పైగా అప్పీల్ లేకపోతే అంపైర్ వేలెత్తడు. ఉద్దేశాన్ని నిరూపించడం ఎంత కష్టమో తెలిసే కాబోలు, దుబాయ్‌లో ఆఫీసున్న ఐసీసీ 2011లో తన ఆట నిబంధనల్లో ఒక ముక్క చేర్చింది: సరైన కారణం లేకుండా బ్యాటర్ పరుగుదారి బాగా మార్చి, రనౌట్ ప్రయత్నానికి అడ్డమైతే, అప్పీల్ మీద అవుట్. రనౌట్ అయ్యేదా కాదా అన్నది అనవసరం. ఇక్కడా చూపు మనసు మీదనుంచి కాళ్ళ మీదకి దిగింది. 2024లో చెన్నైలో ఐపీఎల్ మ్యాచ్‌లో రవీంద్ర జడేజాని ఇంటికి పంపింది కూడా దారి మార్చిన ఆ కాళ్ళే.

కానీ క్రికెట్ పిచ్ పక్కన సున్నపు సందు లేదు. ‘బాగా మార్చాడు’ అంటే ఎంత? అడుగా, రెండడుగులా? ‘సరైన కారణం’ అంటే ఏది? అది రీప్లే చూసేవాడి తీర్పుకే మిగిలింది. సాఫ్ట్‌బాల్ అంపైర్‌కి గీత అయినా ఉంది. బంట్ పడగానే బ్యాటర్ నిలబడే ప్లేట్ దగ్గరున్న అంపైర్ ఆ గీత పొడుగునా చూపు నిలిపితే చాలు, పాదం లోపల పడిందా బయట పడిందా అన్నది దొరికిపోతుంది.