గరగర లేని రేడియో జ్ఞాపకాలు

ఈమధ్య రేడియో జ్ఞాపకాల వ్యాసాలు తరచుగా కనిపిస్తున్నాయి. బినాకా గీత్‌మాలా, అమీన్ సయానీ గొంతు, రేడియో సిలోన్ తెలుగు పాటలు, వాటిని వినిపించిన మీనాక్షి పొన్నుదురై. ఇష్టంగానే చదువుతాను. కానీ ఎక్కడో ఒక వెలితి. ఆ వ్యాసాల్లో పాట మొదటినుంచి చివరిదాకా శుభ్రంగా వినిపిస్తుంది. కృష్ణ ఒడ్డుకు దగ్గర్లోని మా కొల్లాపూర్‌లో అట్లా వినిపించిన రోజు నాకు గుర్తులేదు.

కొలంబో మాకు సుమారు వెయ్యి కిలోమీటర్లు. నేల వెంబడి వచ్చే తరంగం అంత దూరం రాలేదు. షార్ట్‌వేవ్ పైకి వెళ్లి, 250–300 కిలోమీటర్ల ఎత్తున అయనోస్ఫియర్‌లోని ఎఫ్ పొర దగ్గర వంగి, మళ్లీ నేలకు దిగుతుంది. మరీ నిటారుగా వెళ్లిన తరంగం చాలాసార్లు ఆ పొరను దాటి పోతుంది. అందుకే ఒక్కోసారి దగ్గరి స్టేషన్ దొరకదు, దూరపుది దొరుకుతుంది. పగలు ఇంకా కిందనుండే డి పొర తక్కువ ఫ్రీక్వెన్సీలను మింగేస్తుంది, పొద్దుగూకితే అది పోతుంది. ఒకే పాట రెండు మూడు దారుల్లో వచ్చి కలిస్తే గొంతు లేస్తూ మునుగుతూ ఉంటుంది. మేము "గాలి మారింది" అనుకునేవాళ్లం.

సాహిత్య వ్యాసంలో ఈ సైన్సు ఎందుకంటారా? ఎట్లా విన్నామో చెప్పకుండా ఏం విన్నామో చెబితే అది సగమే అవుతుంది కాబట్టి. 1952లో మంత్రి కేస్కర్ ఆకాశవాణి నుంచి సినిమా పాటల్ని తప్పించడం, జనం సిలోన్ వైపు మళ్లడం, 1957 అక్టోబర్ 3న వివిధభారతి రావడం, ఇవన్నీ ఈ వ్యాసాల్లో ఉంటాయి. ముల్లును వెంట్రుకవాసి జరుపుతూ, సెట్టుకు చెవి ఆనించి కూర్చున్న మనిషి మాత్రం ఉండడు. నా అనుమానం ఏమిటంటే, రాసేవాళ్లు ఆ పాటల్ని యూట్యూబ్‌లో మళ్లీ విని రాస్తున్నారు. అప్పుడు వినిపించని చరణాలు ఇప్పుడు జ్ఞాపకంలో చేరిపోతున్నాయి.

మా నాయిన ఒకసారి పాట కోరుతూ సిలోన్‌కు ఉత్తరం రాశాడు. పాటకు ముందు కోరినవాళ్ల పేర్లు, ఊర్లు చదివేవారు. చాలా రోజులు కాచుకున్నాడు. ఒకనాడు ఆయన రాసిన పాటే వచ్చింది. అంతకుముందు పేర్లలో "కొల్ల్..." దాకా వినిపించి గొంతు మునిగింది. తేలేసరికి పాట మొదలైంది. అది కొల్లాపూరో, తెనాలి దగ్గరి కొల్లిపరో ఇప్పటికీ తెలియదు. మా ఇంట్లో రేడియో సిలోన్ అంటే ఆ మునిగిపోయిన ముక్కే. నేను చదివిన వ్యాసాల్లో దానికి చోటు కనబడలేదు.

పోయిన ఏడు ఫోన్‌లో ఆ పాట పెట్టి వినిపించాను. గరగర లేదు, ప్రతి మాటా స్పష్టం. నాయిన చివరిదాకా విని, "పాట బాగనే ఉంది. ముందుగాల పేర్లు చదువుతరు గద, అవేవి?" అన్నాడు.