'అవ్వ' యను మాట

వరంగల్లు పల్లెలలో "మా అవ్వ ఇంట్ల లేదు" అని బాలుడు చెప్పినచో, లేనిది వాని తల్లి. చిత్తూరు పల్లెలో బాలుడు 'మా అవ్వ' యన్నచో, అది తల్లిని గన్న తల్లియో తండ్రిని గన్న తల్లియో కావలెను. మాట యొక్కటే, నడుమ ఒక తరము.

ఇందు రెండవ యర్థమే సరియనియు, మొదటిది పామరుల తప్పుబాటనియు తలచువారు చదువుకొన్నవారిలోనే యెక్కువ. ఈ తలంపునకు ఆధారము మాకు కనబడలేదు. బరో, ఎమెనోలు 1961లో ప్రకటించిన ద్రావిడ వ్యుత్పత్తి నిఘంటువు తెలుగు 'అవ్వ'కు తల్లి యన్న యర్థమును కూడ ఇచ్చినది. కన్నడ దేశమున నేటికిని తల్లి 'అవ్వ'యే. తమిళమున 'అవ్వై' పూజ్యురాలగు వృద్ధ. అవ్వైయార్ పేరు అట్లు వచ్చినదే. పెద్ద స్త్రీయెడ గౌరవమే ఈ మాటకు మూలమనియు, ఆ గౌరవము ఒకచోట తల్లిపైనను మరియొకచోట తల్లితల్లిపైనను నిలిచినదనియు మా యభిప్రాయము. తల్లిని 'అవ్వ' యనినంత మాత్రమున వరంగల్లువారికి ముందటి తరమునకు మాట కొరవడలేదు. తల్లితల్లి అమ్మమ్మ, తండ్రి 'బాపు' గనుక తండ్రితల్లి బాపమ్మ. ఇంత తేటయైన కూర్పు 'బామ్మ'లో నేది?

తప్పు దిద్దబోయి అర్థమును చెరచుట ఎట్లుండునో 'అవ్వగారిల్లు' అను మాటలో చూడవచ్చును. తెలంగాణమున పెండ్లియైన ఆడపడుచునకు పుట్టినిల్లు అవ్వగారిల్లు. బతుకమ్మ పండుగకు ఆమె అచ్చటికి రావలెను. ఈ మాటకు 'అమ్మమ్మగారిల్లు' అని వివరణ వ్రాసినచో, కూతురు తల్లియొద్దకు వచ్చుట పోయి, మనుమరాలు చుట్టపుచూపునకు వెళ్ళినట్లగును. పల్లె కథలను అచ్చువేయువారు ఇట్టి మాటలను ఆ యూరివారి నడిగి వివరింపవలదా?

ఇంతకన్న మాకు బాధ కలిగించునది వేరొకటి కలదు. 'అవ్వతోడు' అని ఒట్టు పెట్టుకొనునంత పవిత్రమైన ఈ పిలుపు, సినిమాల పుణ్యమా యని, దూరప్రాంతములవారికి తిట్టుగా మాత్రమే పరిచితమైనది. తిట్టినవానికిని అది తల్లి పేరని తెలియదు. విని నవ్వినవానికిని తెలియదు.

కాళోజీ జన్మదినమగు సెప్టెంబరు 9ని 2014 నుండి తెలంగాణ భాషా దినముగ జరుపుచున్నారు. ఉపన్యాసములు బాగుగనే యుండును. ఇండ్లలో మాత్రము మరియొకటి జరుగుచున్నది. తండ్రి తన తల్లిని 'అవ్వా' యని పిలుచును. అది విని కుమారుడును ఆమెను 'అవ్వా' యనియే పిలుచును. తన తల్లి వానికి 'మమ్మీ'. ఈ విధముగ చిత్తూరు అర్థము నిఘంటువు తోడు లేకయే వరంగల్లు ఇంటిలోనికి వచ్చుచున్నది. ఇందు ఎవరిని తప్పుపట్టగలము? బాపమ్మను పసివాడు అవ్వ యనుటలో ప్రేమయే గాని వేరొండు లేదు. కాని రేపు ఆ యింటి ఆడపడుచు అత్తవారింటినుండి పండుగకు బయలుదేరునప్పుడు, 'అవ్వగారింటికి' అని ఆమె చెప్పిన మాటను ఆ పిల్లవాడు ఏమని గ్రహించును?