సెమికోలన్ తీసి కామా పెట్టిన రోజు

సువర్ణరేఖ ఆవలి ఒడ్డున ఉన్న మాంగో పేరెత్తితే టాటానగర్ పాతకాపులకు 1979 గుర్తొస్తుంది. ఆ ఏప్రిల్ 11న సాబిర్‌నగర్ దగ్గర శ్రీరామనవమి ఊరేగింపు దారి మీద మొదలైన గొడవ ఊరంతా అంటుకుంది. 108 మంది చనిపోయారు. జస్టిస్ జితేంద్ర నారాయణ్ కమిషన్ 1981లో నివేదిక ఇచ్చింది. కమిషన్ పని నిజం తేల్చడం వరకే. శిక్ష కోర్టుల చేతిలో ఉంటుంది. ఆ కోర్టుల చేతిలో అప్పుడున్న భారత శిక్షాస్మృతి చావులను విడివిడిగా లెక్కించేది: ఎవరు పొడిచారు, ఎవరు చూశారు? గుంపుకు 149, కుట్రకు 120బి సెక్షన్లు ఉండేవి. వందమంది చావును ఒకే నేరంగా చూసే సెక్షన్ మాత్రం లేదు.

ఆ చూపు కోసం అంతర్జాతీయ క్రిమినల్ కోర్టుకు ఆధారమైన 1998 నాటి రోమ్ శాసనం ఏడో అధికరణం చదవాలి. పౌరుల మీద విస్తృతంగా గానీ పథకం ప్రకారం గానీ సాగే దాడిలో భాగంగా, ఆ దాడి సంగతి తెలిసే చేసిన హత్య, చిత్రహింస, అత్యాచారం వగైరా మానవాళిపై నేరాలని దాని తొలివాక్యం సారం. హత్య పాత నేరమే, దానికి కట్టిన చట్రం కొత్తది. నిందితుడు చంపింది ఒక్కరినే అయినా సరే, ఆ ఒక్క చావు ఎంత పెద్ద పనిలో భాగమో తెలిసి చేశాడని రుజువైతే చాలు. (మాంగో ఘటన ఈ నిర్వచనంలోకి వస్తుందని నేననడం లేదు. ఈ శాసనం 2002 జులై 1కి ముందు జరిగినవాటిని ముట్టుకోదు.)

ఆ వాక్యం ఒక్క రోజులో కుదరలేదు. ఆర్మేనియన్ల ఊచకోత మీద బ్రిటన్, ఫ్రాన్స్, రష్యా 1915 మే 24న చేసిన ప్రకటనలో ఈ నేరానికి పేరు పడింది. 1945 ఆగస్టు 8న లండన్‌లో కుదిరిన న్యూరెంబర్గ్ చార్టర్ ఆరో అధికరణంలో దానికి నిర్వచనం వచ్చింది. నిర్వచనం నడుమ ఇంగ్లిష్, ఫ్రెంచ్ ప్రతుల్లో సెమికోలన్ ఉంది, రష్యన్ ప్రతిలో కామా. సెమికోలన్ ఉంటే, యుద్ధంతో ముడి ఉండాలన్న షరతు రెండో సగానికే పరిమితమవుతుంది. కామా అయితే మొత్తానికీ పడుతుంది. అక్టోబర్ 6న బెర్లిన్‌లో, చార్టర్ రాసుకున్న నాలుగు దేశాలూ ప్రత్యేకంగా ఒప్పందం రాసుకుని మరీ కామా పెట్టాయి. ఫలితంగా, 1939కి ముందు జర్మనీ తన యూదులనే హింసించిన తీరును న్యూరెంబర్గ్ కోర్టు ఈ నేరం కింద శిక్షించలేకపోయింది. విరామచిహ్నానికి ఇంత అధికారం ఇంకెక్కడా చూడలేదు.

ఆ ముడి విప్పడానికి యాభై ఏళ్లు పట్టింది. 1993లో యుగోస్లావియా ట్రిబ్యునల్‌కు రాసిన శాసనం సాయుధ ఘర్షణ షరతును అలాగే ఉంచింది. మరుసటి ఏడాది రువాండా శాసనం వదిలేసింది. 1995 అక్టోబర్ 2న టాడిచ్ కేసులో యుగోస్లావియా ట్రిబ్యునల్ అప్పీలు జడ్జీలు ఆచార న్యాయం ప్రకారం ఆ ముడి అక్కర్లేదన్నారు. అంతర్జాతీయ నేర న్యాయానికి మూలాలేవని అడిగేవారికి చూపదగిన సందర్భమిది: ఒప్పందంలో లేనిదాన్ని దేశాల నడవడి పూరించింది. రోమ్ శాసనం 21వ అధికరణం ఆ మూలాలను వరసగా పేర్చింది. ముందు తన సొంత పాఠం, తర్వాత ఒప్పందాలూ అంతర్జాతీయ న్యాయ సూత్రాలూ, అవీ చాలకపోతే దేశాల చట్టాల్లోంచి తీసిన సాధారణ సూత్రాలు.

రోమ్‌లో శాసనం రాసేటప్పుడు అసలు పెనుగులాట తొలివాక్యంలోని ‘గానీ’ దగ్గర. దాడి విస్తృతంగానూ, పథకం ప్రకారంగానూ, రెండూ ఉండాలని కొన్ని దేశాలు పట్టుబట్టాయి. చివరికి పైన ‘గానీ’ నిలిచింది. కింది ఉపవాక్యంలో మాత్రం ప్రభుత్వ విధానమో ఏదైనా సంస్థ విధానమో వెనక ఉండాలన్న షరతు చేరింది. పైన ఇచ్చింది కింద కొంత వెనక్కి తీసుకున్నారన్నమాట. ఇరుపక్షాలూ తామే గెలిచామనుకునేలా రాయడం మామూలు నేర్పు కాదు.

ఆ శాసనానికి 120 దేశాలు అనుకూలంగా, 7 వ్యతిరేకంగా ఓటేస్తే, తటస్థంగా ఉన్న 21 దేశాల్లో మనదీ ఒకటి. భద్రతా మండలికి ఇచ్చిన పెత్తనం, అణ్వాయుధాలను వదిలేయడం మన అభ్యంతరాల్లో ముఖ్యమైనవి. అయినా ఆ వాక్యం మన కోర్టు గడప తొక్కింది. 1984 ఢిల్లీ సిక్కుల హత్యల కేసులో 2018 డిసెంబర్ 17న ఢిల్లీ హైకోర్టు కాంగ్రెస్ నేత సజ్జన్ కుమార్‌కు యావజ్జీవం విధించింది. జస్టిస్ ఎస్. మురళీధర్, జస్టిస్ వినోద్ గోయల్ 1915 ప్రకటన నుంచి చరిత్ర తవ్వి, మానవాళిపై నేరాలుగానీ జాతిహననంగానీ మన నేర చట్టంలో లేవని, ఈ లోటు వెంటనే తీర్చాలని రాశారు. శిక్ష మాత్రం ఉన్న సెక్షన్లతోనే వేశారు: 120బి, 302, 436, 153ఎ వగైరా. లేని చట్టాన్ని అరువు తెచ్చి ఎవరినీ శిక్షించలేదు. తీర్పులో నాకు అన్నిటికన్నా నచ్చిన పనితనం అదే.

2024 జులై 1న పాత శిక్షాస్మృతి స్థానంలో భారతీయ న్యాయ సంహిత అమల్లోకి వచ్చింది. అయిదుగురో అంతకుమించో కలిసి కులం, వ్యక్తిగత విశ్వాసం లాంటి కారణాలతో చేసే హత్యకు 103(2) చేర్చారు. మానవాళిపై నేరాలకు సెక్షన్ చేర్చలేదు.