గండికోట లోతు ఫొటోలోకి ఎలా వస్తుంది?

గండికోట ఫొటో తీయనివాళ్లు ఇప్పుడు కడప జిల్లాలో అరుదు. జమ్మలమడుగుకు 15 కిలోమీటర్ల దూరం. పులివెందుల కుర్రాళ్లయితే ముద్దనూరు మీదుగా తెల్లారేలోపే బైకుల మీద చేరుకుంటారు. అందరూ నిలబడేది ఆ బండల మీదే, అందరి ఎదుటా ఉన్నది ఆ పెన్నా నది లోయే. అయినా చాలా ఫొటోల్లో లోయ ఉత్త కాలువలా కనిపిస్తుంది. అంచున నిలబడినప్పుడు గుండె ఝల్లుమనిపించిన ఆ 300 అడుగుల లోతు ఏమైపోయినట్టు? కొద్దిమంది తీసిన ఫొటోల్లో మాత్రం అది ఉన్నదున్నట్టు దిగుతుంది. వాళ్ల పనితనం చూస్తే ముచ్చటేస్తుంది.

లోయ పెద్దది కదా అని వైడ్ లెన్స్ పెట్టి మొత్తం పట్టేయాలని చూస్తాం. దాంతో ఎదుటి కొండగోడ చిన్నదై వెనక్కి పోతుంది, మధ్యలోని లోతు మాయమవుతుంది. పని తెలిసినవాళ్లు అదే లెన్స్‌తో ముందు దగ్గరి బండను చూసుకుంటారు. ట్రైపాడ్ కాళ్లు కుదించి, కెమెరాను మోకాలి ఎత్తుకు దించి, పగుళ్లతో సహా ఆ బండను ఫ్రేములో కింది భాగమంతా నింపుతారు. అపర్చర్ ఎఫ్/11 దగ్గర ఉంచి, ఫోకస్ ఎదుటి గోడ మీద కాకుండా బండకు కాస్త అవతల పెడతారు. దగ్గరి రాయి గరుకుదనమూ, దూరాన నీటి మెరుపూ రెండూ స్పష్టంగా కనబడితే, ఆ రెంటికీ నడుమ ఉన్న ఖాళీయే లోతుగా తోస్తుంది.

ఇంకొందరు టెలి లెన్స్‌తో ఒక్క మలుపునే పట్టి, అవతలి అంచున నడిచే మనిషిని చీమంత చేసి చూపిస్తారు. ఆ మనిషిని బట్టి గోడ ఎంత ఎత్తో కంటికి తెలిసిపోతుంది.

ఇక్కడి రాయిని చదవడం తెలియాలి. అడ్డంగా పొరలు, నిలువునా పగుళ్లు. ఎవరో తాపీగా పేర్చినట్టుంటుంది. భూగర్భ శాస్త్రవేత్తలు దీన్ని గండికోట క్వార్ట్‌జైట్ అంటారు. దీనికి అడుగున తాడిపత్రి పొర, ఆ అడుగున పులివెందుల పేరే పెట్టుకున్న పులివెందుల క్వార్ట్‌జైట్. ఆ పొరల మధ్యకు చొచ్చుకొచ్చి గడ్డకట్టిన అగ్నిశిల ఒకటి పులివెందుల దగ్గర ఉంది. దాని వయసు దాదాపు 188 కోట్ల ఏళ్లని తేల్చారు. మిట్టమధ్యాహ్నపు ఎండలో ఈ పొరలన్నీ కలిసిపోయి ఒకే ఎర్రముద్ద అవుతాయి. ఎండ ఏటవాలుగా తగిలినప్పుడే ఒక్కో పగులూ తన నీడతో విడివిడిగా పలుకుతుంది.

నన్ను అడిగితే, గండికోటలో అసలైన వెలుగు సూర్యోదయానిది కాదు, ఆ తర్వాతిది. పొద్దు పొడిచేటప్పుడు ఆకాశం మండుతుంటుంది, లోయ చీకట్లో ఉంటుంది. ఒకదానికి ఎక్స్‌పోజర్ సరిచేస్తే రెండోది చెడుతుంది. ఎక్స్‌పోజర్ మార్చి రెండు మూడు తీసి కలపొచ్చు, అదీ నేర్పే. కాసేపు ఆగితే ఎండ ఒక గోడ మీద పడి, ఆ ఎర్రని కాంతి నీడలో ఉన్న రెండో గోడ మీదికి చిమ్ముతుంది. నీడ కూడా లోపలినుంచి రాజుకున్నట్టు వెలుగుతుంది. అప్పటికి చాలామంది టిఫిన్‌కు వెళ్లిపోయి ఉంటారు. ఓపికపట్టినవాళ్లు ఆకాశాన్ని ఫ్రేములోంచి పూర్తిగా తప్పించి ఆ నీడనే తీస్తారు. వైట్ బ్యాలెన్స్ ఆటోలో ఉంటే కెమెరా ఆ ఎరుపును సరిదిద్ది చంపేస్తుంది. అందుకని డేలైట్‌లో పెట్టుకుంటారు.

ఏం రావాలో ముందే మనసులో చూసుకోవడం ఇందులో పెద్ద విద్య. అమెరికాలోని యోసెమిటీలో 1927 ఏప్రిల్ 10న ఫొటోగ్రాఫర్ ఆన్సెల్ ఆడమ్స్ హాఫ్ డోమ్ కొండను తీశాడు. పసుపు ఫిల్టర్‌తో ఒక ప్లేటు వాడాక, తనకు తోచినంత గంభీరంగా ఆకాశం రాదనిపించి, మిగిలిన ప్లేటుకు ముదురు ఎర్ర ఫిల్టర్ తగిలించాడు. ఆకాశం దాదాపు నల్లబడింది, కొండ నిలిచింది. బ్లాక్ అండ్ వైట్‌లో మన ఎర్రరాతికి అదే ఫిల్టర్ పెడితే రాయి తేలికబడి తెల్లగా వస్తుంది. నీలి ఫిల్టర్ పెడితే నల్లబడి బరువెక్కుతుంది. లోయ బరువుగా కనబడాలా, తేలిగ్గానా అన్నది ముందే తేల్చుకున్నవాడి బ్లాక్ అండ్ వైట్ ఫొటో చూడగానే తెలిసిపోతుంది.

గండికోట తీసినంత మాత్రాన చేయి తిరిగినట్టు కాదు. పులివెందుల చుట్టూ అరటి తోటలు, చీనీ తోటలు, దూరాన పల్చటి కొండలు. చూపును లాగే లోయ లేదు. వాన వెలిసిన మరునాడు దుమ్ము అణిగి కొండల అంచులు తేటపడిన పూట, రెండు అరటి వరుసల నడుమ దారిని వెతుక్కుని ఒక మంచి ఫొటో తీయగలిగినవాడే నా దృష్టిలో అసలైన పనివాడు.

గండికోటకు వెళ్లేవాళ్లకు ఒక మనవి. అంచు పొడవునా కంచె లేదు. కంటికి కెమెరా ఆనించుకుని అడుగు వేయకండి, కెమెరా దించి చూసుకుని కదలండి. ముందు బండ కావాలి కనుక, లోతును బాగా చూపించే ఫొటోకు అంచుకు నాలుగడుగులు వెనక నిలబడటమే మేలు.