మిగులు గుడ్డతో బనీను అంగీ

బనీను గుడ్డ నేసిన గుడ్డ కాదు, అల్లిన గుడ్డ. నేతలో పడుగు, పేక దారాలు ఒకదాన్నొకటి దాటుకుంటూ బిగుసుకుంటాయి. అల్లికలో దారం ఉచ్చులు ఉచ్చులుగా వంగుతుంది, కింది వరస ఉచ్చులోంచి పై వరస ఉచ్చు బయటికొస్తుంది. అడ్డంగా లాగితే ఉచ్చు వెడల్పవుతుంది, వదిలితే మళ్లీ దగ్గరపడుతుంది. ఆ సాగుడే ఈ గుడ్డకు ప్రాణం. బొత్తాం, కాజా, జిప్పు ఏవీ లేకుండా తల దూర్చి తొడుక్కునే అంగీ కుట్టుకోగలగడం దాని చలవే. ఇంగ్లండులో విలియం లీ 1589లో మేజోళ్లు అల్లే యంత్రం చేశాడు. అప్పటిదాకా చేతి సూదుల మీద సాగిన అల్లిక అక్కడి నుంచి యంత్రం మీదికెక్కింది. మనకు ఈ గుడ్డ పేరు చెబితే గుర్తొచ్చే ఊరు తమిళనాడులోని తిరుప్పూరు.

ఈ వారం కడపలో ఒక దర్జీ అంగడి ముందు చెత్తబుట్టలో మూరెడు, రెండు మూరల బనీను గుడ్డ ముక్కలు పడి ఉన్నాయి. రంగు పోనివి, సబ్బు మొహం కూడా చూడనివి. మెకానిక్ షెడ్డుకు ఇచ్చినా చేతులు తుడుచుకుంటారు కదా, ఆ పాటి కూడా చేయలేదు. ఆరేడేళ్ల పిల్లకు అంగీ కావడానికి అలాంటి ముక్కలు రెండు చాలు. మిగిలిన గుడ్డను పారేయడం తప్పు.

గుడ్డను వృథా చేయకూడదన్న మాట వస్తే నేత ఊరు ఎమ్మిగనూరు గుర్తుకొస్తుంది. మాచాని సోమప్ప 1938లో ఆ ఊళ్లో చేనేతకారుల సహకార సంఘం పెట్టారు. మగ్గం ఇంట్లోనే ఉన్నా నూలు షావుకారుది, ధర షావుకారుది అయినప్పుడు నేతగాడికి మిగిలేది నడుము నొప్పే. నూలు తనే ఇచ్చి, నేసిన గుడ్డ తనే తీసుకునే సంఘం ఉంటే షావుకారు పట్టు సడలుతుంది. సోమప్పకు 1954లో పద్మశ్రీ వచ్చింది. వాన నమ్మకం లేని నేల మీద చేతిపనిని నమ్మిన మనిషికి అది తగిన గౌరవం. నేత ఊళ్ల నడుమ పెరిగిన చేతికి గుడ్డ విషయంలో రెండు సూత్రాలు తెలియకుండానే పడతాయి. ఒకటి, పడుగు నిలువుకు రావాలి. రెండు, ముక్క వృథా కాకూడదు. 80 సెంటీమీటర్ల రవిక గుడ్డ చాలకపోతే చేతులు అడ్డంగా తిప్పి వేసి, నడుము పట్టీకి అతుకు వేసి పని గడిపేస్తారు. కరువు సీమలో అది ఆడవాళ్లకు ఇంటి విద్య.

బనీను గుడ్డ దగ్గర ఆ విద్యే అంగీని చెడగొడుతుంది. దీంట్లో సాగుడు ఒంటి చుట్టూ తిరగాలి, అంటే అడ్డానికి రావాలి. ముక్క పొట్టిగా ఉందని నమూనాను పక్కకు తిప్పి కత్తిరిస్తే ఛాతీ దగ్గర బిర్రుగా పట్టేస్తుంది, వేలాడే కొద్దీ పొడవు మోకాలు వైపు జారుతుంది. రవికలో పనికొచ్చిన పొదుపు ఇక్కడ మొత్తం అంగీనే వృథా చేస్తుంది. అందుకని నాలుగంగుళాల ముక్కను అడ్డంగా లాగి చూడాలి. శ్రమ లేకుండా ఐదంగుళాలకు వచ్చి, వదలగానే వెనక్కి చేరితేనే అది అంగీకి పనికొస్తుంది. సాగుడు చాలని ముక్కను, తిప్పితే తప్ప నమూనా పట్టని ముక్కను పక్కన పెట్టేయడమే సరైన పని. అలా చూస్తే ఆ దర్జీ చెత్తబుట్టలో కొన్నయినా తెలిసి పడేసినవే అయి ఉండాలి.

కత్తిరించే ముందు గుడ్డను ఒకసారి ఉతకాలి, నూలు బనీను మొదటి ఉతుకులోనే ముడుచుకుంటుంది. తడి గుడ్డను తీగ మీద వేలాడేస్తే బరువుకు సాగుతుంది కాబట్టి నవారు మంచం మీద పరిచి ఆరబెట్టాలి. ఛాతీ 24 అంగుళాలున్న పిల్లకు ముందు ముక్క, వెనక ముక్క 14 అంగుళాల చొప్పున వెడల్పు, 18 అంగుళాల పొడవు ఉంటే కుట్టుకు, వదులుకు సరిపోతుంది. మామూలు సూది ఉచ్చు దారాన్ని తెంపి చిల్లి చేస్తుంది. మొన గుండ్రంగా ఉండే బాల్‌పాయింట్ సూది దారాన్ని పక్కకు నెట్టి దూరుతుంది, పలచని బనీనుకు 11వ నంబరు చాలు. జిగ్‌జాగ్ ఉన్న మిషనైతే సన్నని జిగ్‌జాగ్ వేయాలి. ఇంట్లో ఉన్నది తిన్నగా మాత్రమే కుట్టే నల్ల మిషనైతే పాలిస్టర్ దారం ఎక్కించి, కుట్టు చిన్నది చేసి, గుడ్డను ముందూ వెనకా రవ్వంత లాగిపట్టి రెండు వరసలు వేయాలి. లాగకుండా వేసిన తిన్నని కుట్టు తొడుక్కునేటప్పుడు పట్‌మని తెగుతుంది. భుజాల కుట్టు మాత్రం సాగకూడదు. అక్కడ సన్నని నాడా కలిపి కుడితే అంగీ భుజం జారదు.

మెడ దగ్గరే ఎక్కువమంది చేయి తప్పుతారు. మెడ చుట్టుకొలత 20 అంగుళాలైతే పట్టీ 17 అంగుళాలే కత్తిరించాలి, అదీ సాగుడు పొడవు వైపు వచ్చేలా. రెండు కొసలు కలిపి వలయం చేసి, మధ్యకు మడిచి, మెడనూ పట్టీనీ నాలుగు సమభాగాలుగా పిన్నులు గుచ్చుకుని, పట్టీని మాత్రమే లాగుతూ కుట్టాలి. వదలగానే పట్టీ లోపలికి ఒదిగి మెడకు అంటి కూర్చుంటుంది. సమానంగా కత్తిరించిన పట్టీ మాత్రం చెవిలా లేచి నిలబడుతుంది.

కింది అంచు మడవకపోయినా నష్టం లేదు. ఈ గుడ్డ కత్తిరించిన చోట పోగులు ఊడవు, కొద్దిగా చుట్టుకుంటుందంతే. ఇంకా మిగిలిన గుడ్డను అంగుళం వెడల్పు పీలికలుగా కోసి లాగితే అంచులు లోపలికి చుట్టుకుని తాడు అవుతాయి. లంగా నాడాకు, కాకర తీగను పందిరికి కట్టడానికి, అల్లుకునే ఓపిక ఉంటే గుమ్మం ముందు కాలిపట్టాకు అవి పనికొస్తాయి.