అపకేంద్ర యంత్రం: పదనిర్మాణం – ప్రయోగ పరిశీలన (కోనసీమ నేపథ్యం)

1. ఉపోద్ఘాతం

అమలాపురం, రాజోలు, కొత్తపేటల్లోని రక్తపరీక్షా కేంద్రాల్లో నమూనాలను వేగంగా తిప్పే పరికరం ‘సెంట్రిఫ్యూజ్’. తెలుగు మాధ్యమ పాఠంలో అదే ‘అపకేంద్ర యంత్రం’. మొదటి పేరు ప్రయోగశాల దాటి బయటికి రాదు; రెండవది పరీక్షపత్రం దాటి ముందుకు పోదు. శాస్త్రరీత్యా సరైన పదం భావాన్ని ఎందుకు అందించలేకపోతున్నదో పరిశీలించడం ఈ వ్యాస లక్ష్యం.

2. పదనిర్మాణం

హైగెన్స్ 1659లో లాటిన్‌లో కూర్చిన మాటకు ‘కేంద్రం నుంచి పారిపోయేది’ అని అర్థం. ‘అప’ ఉపసర్గ ఆ అర్థాన్ని చక్కగా తెచ్చింది. ‘కేంద్ర’ శబ్దం గ్రీకు ‘కెంట్రాన్’ నుంచి సంస్కృత జ్యోతిషంలోకి వచ్చినదే. ‘సెంటర్’కూ అదే మూలం. కాబట్టి ఒకటి మనది, మరొకటి పరాయిది అనే వాదం ఇక్కడ నిలవదు.

లోపం వేరేచోట ఉంది. ‘అపకీర్తి’, ‘అపచారం’ వంటి మాటలకు అలవాటుపడిన చెవికి ‘అప’ చెడునే స్ఫురింపజేస్తుంది. అంతకన్నా ముఖ్యంగా, ఈ పేరు బలం దిశను చెబుతుందే గాని యంత్రం చేసే పనిని చెప్పదు. నీరు తోడే అపకేంద్ర పంపుకూ అదే విశేషణం.

3. ప్రయోగ విచారణ

సాంద్రతాభేదాన్ని బట్టి పదార్థాలను వేరుచేయడం ఈ యంత్రం పని. 10 సెంటీమీటర్ల వ్యాసార్ధంలో నిమిషానికి 3000 సార్లు తిరిగే నమూనాపై త్వరణం గురుత్వ త్వరణానికి సుమారు 1000 రెట్లు ఉంటుంది. అందువల్ల గంటల తరబడి జరగవలసిన పని నిమిషాల్లో ముగుస్తుంది.

ఈ పనికి దగ్గరి తెలుగు క్రియ ఏది? ‘చిలుకు’ సరిపోదు, కవ్వం వెన్నకణాలను ఒకచోట చేరుస్తుంది, సాంద్రతను బట్టి వేరుచేయదు. ‘తేరు’ సరిపోతుంది. వరదకాలపు గోదావరి ఎర్రనీటిని బిందెలో కదపకుండా ఉంచితే పైన తేట, అడుగున మడ్డి. నిలవ ఉంచిన కొబ్బరినూనెలోనూ అంతే. పరీక్షానాళికలో జరిగేదీ ఇదే. భేదం వేగంలో మాత్రమే. పైగా ‘అవక్షేపం’ అనే మాట రసాయన చర్యలో ఏర్పడే ఘనపదార్థానికి రూఢి. అడుగుకు దిగినదానికీ అదే వాడితే విద్యార్థికి రెండు ప్రక్రియలూ ఒకటిగా తోస్తాయి. ‘మడ్డి’కి ఆ చిక్కు లేదు.

అయితే ‘తేర్చు’కూ పరిమితి ఉంది. పాలనుంచి మీగడను వేరుచేసే యంత్రంలో తేటగా మిగిలేది ఏదీ లేదు. అందుచేత ‘తేర్పు యంత్రం’ అన్న కొత్త పేరు అన్ని ప్రయోగాలకూ చెల్లదు.

4. ముగింపు

‘అపకేంద్ర యంత్రం’ను తొలగించనక్కరలేదు, అది నిర్వచనానికి తగిన పేరు. లోపించినది దాని పక్కన ఉండవలసిన వాడుకమాట. 1968లో ఏర్పడిన తెలుగు అకాడమి మొదలు పరిభాషా నిర్మాణంలో శ్రద్ధ ప్రధానంగా నామవాచకాలపైనే నిలిచింది. వాటిని వివరించే క్రియలకు అంతటి స్థానం దక్కలేదు. బిందెలో నీరు తేరడం ఎరిగిన విద్యార్థికి ఈ భావం కొత్తది కాదు. ఆ ఎరుకకూ పాఠానికీ మధ్య ‘తేట’, ‘మడ్డి’ అనే రెండు మాటలు చేరితే, యంత్రం పేరు కంఠస్థం చేయవలసిన పదంగా కాక అర్థమైన పదంగా మిగులుతుంది.