సీటు సరే, అరగంట ఏది?

వెన్ను కొయ్యలా నిటారుగా నిలిపి బండి తోలితే నడుము నొప్పి దగ్గరికి రాదన్న సలహా ఈ వారం మళ్లీ ఫోన్లలో చక్కర్లు కొడుతోంది. చదివిన ప్రతిసారీ చిరాకేస్తుంది, ఎందుకంటే అందులో సగమే నిజం. కూర్చునే తీరుకు విలువ ఉంది, కాదనను. సీటు వీపు 90 డిగ్రీల్లో నిలువుగా కాక 100-110 డిగ్రీల దాకా వాలి ఉండాలి. తుంటి సీటు మూలకు ఆనాలి. క్లచ్ పూర్తిగా తొక్కినా మోకాలిలో కాస్త మడత మిగలాలి. భుజాలు సీటుకు ఆనించి చెయ్యి చాపితే మణికట్టు స్టీరింగు పైఅంచును తాకాలి. వెనక జేబులో పర్సుంటే తీసి పక్కన పెట్టాలి, లేకపోతే తుంటి ఒక పక్కకు ఒరిగి, దాన్ని సర్దుకోవడానికి వెన్ను వంకర పోతుంది. వీటిలో దేనికీ పైసా ఖర్చు లేదు.

అయితే మదనపల్లె మార్కెట్లో టమోటా క్రేట్లు ఎక్కించుకుని పుంగనూరు, పలమనేరు దాటి, మొగిలి ఘాట్ దిగి చెన్నై పోయే డ్రైవరుకు ఈ కొలతలు ఎంతసేపు కాపు కాస్తాయి? పెద్దవాళ్ల వెన్నులోని డిస్కులకు సొంత రక్తనాళాలు దాదాపు ఉండవు. పక్క ఎముకల నుంచి మెల్లగా ఊరి వచ్చే పోషకాలే వాటికి ఆధారం. పైగా సెకనుకు నాలుగు నుంచి ఆరుసార్లు వచ్చే ఊపుకు కూర్చున్న మనిషి వెన్ను అన్నిటికంటే ఎక్కువగా స్పందిస్తుంది, గతుకుల రోడ్డు మీద లారీ సీటు అందించేది దాదాపు అలాంటి ఊపే. ఎంత సరిగ్గా కూర్చున్నా, కదలకుండా కూర్చుంటే కండరం అలసిపోతుంది. షేర్ ఆటో సంగతి ఇంకా అన్యాయం. తన సీట్లోనే అటొకరిని ఇటొకరిని కూర్చోబెట్టుకున్న డ్రైవరు ఒక తొడ మాత్రం ఆనించి, ఒళ్లు మెలిదిప్పి హ్యాండిలు పట్టుకుంటాడు. అది అతని ఆశ అనేవాళ్లు ఫైనాన్సు కంతు ఎంతో కూడా అడగాలి. మన తాతలు ఎద్దులబండ్లు తోలలేదా, వాళ్లకేమైందని ఇంకొందరంటారు. బండివాడు మెరక వస్తే దిగి ఎద్దుల పక్కన నడిచేవాడు. ఆ దిగి నడిచే వీలు లారీలో పోయింది.

కనుక సీటు కొలత కంటే గడియారం ముఖ్యం. ఇది కొత్త కోరిక కాదు. అయిదు గంటలు పని చేసినవాడికి కనీసం అరగంట విరామం ఇవ్వాలని మోటారు రవాణా కార్మికుల చట్టం 1961లోనే చెప్పింది. కాకపోతే 2025లో రద్దయ్యేదాకా అది అయిదుగురు లేక అంతకుమించి కార్మికులున్న సంస్థలకే వర్తించేది. ఒక్క లారీ పెట్టుకున్న పుంగనూరు మనిషికి, సొంత ఆటో నడిపే కుప్పం కుర్రాడికి అందులో చోటు లేకపోయింది. సరుకు చెడిపోతుంది, ఆగితే ఎలా అని వ్యాపారులు అడుగుతారు. టమోటా ఆగదు, నిజమే. కానీ నడుము పట్టేసి, చూపు మసకబారిన డ్రైవరు ఘాట్‌లో తప్పు చేస్తే సరుకుతోపాటు మనిషీ పోతాడు. 2025 నుంచి తయారయ్యే కొత్త లారీల క్యాబిన్‌లో ఏసీ ఉండాల్సిందేనని కేంద్రం నిబంధన పెట్టగలిగింది. డ్రైవరు ఒళ్లు ప్రభుత్వం పట్టించుకోవలసిన విషయమేనని ఒప్పుకున్నట్టే కదా. ఆ అరగంట కూడా కిరాయి లెక్కలో కలవాలి, మార్కెట్లో లారీ ఆపి కాళ్లు చాపుకునే నీడ ఉండాలి. లారీల వరసలో నిలబడిన సేపే విరామమని వాదించేవాళ్లున్నారు. ముందు బండి కదిలినప్పుడల్లా క్లచ్ తొక్కుతూ కూర్చున్నవాడికి అది విరామం ఎట్లా అవుతుంది?